అలకకు ఇచ్చిన తావు

అయోధ్యలోని రాజమందిరమును గూర్చి చెప్పుచు వాల్మీకి మహర్షి అంతఃపురమున క్రోధాగారమనునది యొకటి కలదని తెలుపును. దానిని ఎవరు కట్టించిరో, ఎందులకు కట్టించిరో ఆయన వివరింపలేదు. ఆయుధశాలను గూర్చియో, గుఱ్ఱపుసాలను గూర్చియో చెప్పినంత సహజముగా ఆ మాట చెప్పి కథను ముందునకు నడపెను. వినువారికి వివరణ అక్కఱలేదని ఆయనకు తెలియును. రాజు కొలువుతీరుటకు ఒక మండపము, దేవతార్చనకు ఒక మందిరము ఉన్నట్లే, మనసు విరిగినవారు పోయి పడుకొనుటకును ఒక గది యుండుట ఆ కావ్యలోకమున వింత కాదు. ఒక జాతి తన మనుష్యులయందు ఏయే అవసరములను గుర్తించినదో తెలిసికొనగోరువారు దాని ధర్మగ్రంథములతోపాటు, దాని కవులు ఇండ్లను ఎట్లు ఊహించిరో కూడ చూడవలెను. మన కవులు కోపమునకు గదిని ఊహించిరి.

కోపమును జయింపుమని చెప్పిన పెద్దలు మనకు కొదువ లేరు. అరిషడ్వర్గమున కామము వెనువెంటనే క్రోధమును లెక్కించితిమి. భగవద్గీత క్రోధమునుండి మొదలై బుద్ధినాశమువఱకు దిగిపోవు మెట్లను ఒక్కొక్కటిగా చూపినది. శతకకారులు ఆ నీతినే బడిపిల్లలచేత వల్లె వేయించిరి. ఆ బోధ యంతయు సత్యమే. అయినను బోధ వేఱు, ఏర్పాటు వేఱు. కోపము రాకుండ చేయుట సామాన్యునకు సాధ్యము కాదు. వచ్చిన కోపము నోటికిని చేతికిని దిగకముందే దానికొక చోటును, ఒక గడువును, నడుమ నిలుచు ఒక మనిషిని చూపుట మాత్రము సాధ్యమే. ఈ రెండవ విద్యను మన పూర్వులు గృహములందును, కావ్యములందును, దేవాలయములందును, పెండ్లిపందిళ్లలోను ఎంత ఓపికతో పెంచిరో తలచుకొనునపుడు నాకు వారియెడ గౌరవము మఱింత హెచ్చును.

క్రోధాగారమనగానే కైక జ్ఞప్తికి వచ్చును గనుక ముందుగా ఆమె సంగతియే చూతము. ఆమె కథవలన ఆ గదికి చెడ్డపేరు వచ్చినది. కాని వాల్మీకిని నిదానముగా చదివినచో దోషము గదిది కాదని తెలియును. రాముని పట్టాభిషేకవార్తను మంథర చెవినివేసినపుడు కైకకు కలిగిన మొదటి భావము సంతోషము. ఆ సంతోషమున ఆమె మంథరకు ఆభరణమును బహుమానముగా నిచ్చెను. పిదప వచ్చిన కోపము ఆమె హృదయమున పుట్టినది కాదు, మంథర నూరిపోసినది. నగలు తీసి పాఱవేయుమనియు, మాసిన వస్త్రము కట్టి కటికనేలపై పడుకొనుమనియు, రాజు ఎంత బతిమాలినను కన్నెత్తి చూడవలదనియు ఆ దాసి పాఠము చెప్పినట్లు చెప్పెను. నిజముగా నొచ్చినవారికి తలదాచుకొను చోటుగా ఉన్నదానిని ఒక కోరికను సాధించుకొను సాధనముగా మార్చుట అక్కడ జరిగిన అపచారము.

రెండవ అపచారము దశరథునిది. ఆయన తొందరపాటును గూర్చి మనవారు తగినంతగా మాటాడలేదని నా అభిప్రాయము. ముసలిరాజు ఆ గదిలోనికి వచ్చి, నేలపై పడియున్న ప్రియభార్యను చూచి, ఆమెకు ఏమి కావలెనో విననైన వినకముందే, నీవు కోరినది చేసితీరుదునని రామునిమీద ప్రమాణము చేసెను. అలకగది యొక్క ప్రయోజనమంతయు ఆలస్యమునందే యున్నది; లోపలనున్నవారికి ఉద్రేకము చల్లారుటకును, బయటినుండి వచ్చువారికి ఆలోచించుకొనుటకును అది వ్యవధి నిచ్చును. ఆ వ్యవధిని రాజు వాడుకొనలేదు. ఆమెది కోపోద్రేకమైనచో ఈయనది ప్రేమోద్రేకము. రెండును ఒక్కతీరుగనే పరుగెత్తి ఒకదాని నొకటి ఢీకొనెను. క్షణికావేశమనగానే కోపమొక్కటే తలచుట పొరపాటని ఈ ఘట్టము చెప్పుచున్నది.

ఆలంకారికులు ఈ విషయమును మఱియొక మార్గమున పరిశీలించిరి. పదవ శతాబ్దాంతమున ధారానగరమున ముంజరాజు ఆస్థానమునందుండిన ధనంజయుడు తన దశరూపకమున, ఆలుమగలనడుమ పుట్టు అలకకు మానమని పేరిడి, దానిని తీర్చుటకు ఆఱు ఉపాయములను చెప్పెను. తీయనిమాటలు చెప్పుట సామము. ఆమె చెలికత్తెలను తనవైపునకు త్రిప్పుకొనుట భేదము. ఏదో నెపమున నగ నొసగుట దానము. పాదములపై వ్రాలుట నతి. ఇవి నాలుగును సాగనపుడు ఊరకుండుట ఉపేక్ష. భయముచేతనో, హర్షముచేతనో మనసును హఠాత్తుగా వేఱొకదానిపైకి మరల్చుట రసాంతరము. రాజనీతిలోని సామదానభేదములను తెచ్చి పడకటింటిలో నిలిపిన ఈ శాస్త్రకారుడు దండమును మాత్రము గడప బయటనే విడిచివచ్చెను. శత్రువుతో వ్యవహరించునపుడు నాలుగవ ఉపాయముగా దెబ్బ యుండవచ్చును. అలిగిన యింటిమనిషి విషయమున దాని స్థానమున నమస్కారము నిలిచినది.

ఈ ఆఱింటిలో నా మనసును మిక్కిలిగా ఆకర్షించునది ఉపేక్ష. మాటలును, కానుకలును, మ్రొక్కులును పనికిరానపుడు ఏమియు చేయకుండుటయు ఒక చికిత్సయేనని ఇంచుమించు వేయియేండ్ల క్రిందటనే ఒక పండితుడు వ్రాసిపెట్టెను. దానిని నిర్లక్ష్యమనుకొనరాదు. అప్పటివఱకు సామదానములు జరిగియే యుండవలెను. అవి జరిగిన పిదప కాలమునకు పని అప్పగించి తాను తప్పుకొనుట ఉపేక్ష. ఇంట పెద్దవాండ్రు నేటికిని "కాసేపు ఊరుకో, అదే సర్దుకుంటుంది" అని చెప్పుదురు గదా, ఆ మాట వెనుక ఇంత శాస్త్రము కలదు. భానుదత్తుని రసమంజరి ఇంకను ముందునకు పోయి, అలకను లఘువనియు, మధ్యమమనియు, గురువనియు మూడుగా విభజించి, నాయకుడు పరస్త్రీని చూచినచో పుట్టునది మొదటిదనియు, పొరపాటున మఱియొకతె పేరు పలికినచో పుట్టునది రెండవదనియు, దేహమున అపరాధచిహ్నములు కనబడినచో పుట్టునది మూడవదనియు తూచి చెప్పినది. కోపమునకు తూకము కలదనియు, చిన్నతప్పునకు పెద్దకోపము తగదనియు తెలిసికొనుటకు ఇది యొక మార్గము. అష్టవిధనాయికలలో కలహాంతరిత యని యొకతె కలదు: కోపమున ప్రియుని వెడలగొట్టి, అతడు వీధిమలుపు తిరుగకముందే పశ్చాత్తాపమున కుమిలిపోవునది. భరతముని నాటినుండి ఈ నాయిక మన రంగస్థలమును విడువలేదు. తొందరపడి నోరుజారినవారు రెండు సహస్రాబ్దములుగా ఆమెయందు తమ్మును చూచుకొనుచున్నారు.

ఈ శాస్త్రమంతటికిని తెనుగున ప్రాణము పోసినవాడు నంది తిమ్మన. శ్రీకృష్ణదేవరాయల ఆస్థానకవియై, అయిదాశ్వాసముల పారిజాతాపహరణమును ఆ రాజునకే అంకితమిచ్చిన ఈ కవిని గూర్చి ప్రచారమున నున్న కథ తెలుగువారందఱికిని తెలిసినదే. రాణి తిరుమలదేవి నిద్రలో రాజుగారి చిత్తరువువైపు కాళ్లు చాపినదనియు, అది చూచి రాయలు అలిగి ఆమె నగరికి వచ్చుట మానెననియు, పుట్టినింటినుండి ఆమెతో అరణముగా వచ్చిన తిమ్మన ఆ దంపతులను కలుపుటకై ఈ కావ్యమును రచించెననియు చెప్పుదురు. దీనికి చరిత్రలో సాక్ష్యము లేదు. అయినను శతాబ్దములతరబడి తెలుగువారు ఈ కథను విడువక చెప్పుకొనుటయే చరిత్రలో భాగము. దేశములను గెలిచిన రాజునకు సైతము తన యింటి కోపమును దాటుటకు నడుమ ఒక మనిషి, అతని చేతిలో ఒక కథ కావలసివచ్చినదని వారు నమ్మిరి.

కావ్యమున జరిగినదేమి? నారదుడు తెచ్చిన పారిజాతపుష్పమును కృష్ణుడు రుక్మిణి కిచ్చెను. చెలికత్తె ఆ వార్తను తెచ్చి సత్యభామకు చెప్పెను. ఆమె కోపగృహమున ప్రవేశించెను. తిమ్మన అక్కడ ఆమె వేషమును దగ్గఱగా చూపును. మాసిన చీర, నగలు లేని మేను, తలకు కట్టు, నుదుట కస్తూరిపట్టు, అన్నిటికిని మించి మౌనము. అంతకుముందు చెలికత్తెయెదుట ఆమె ఉద్రేకమున మాటాడినది చాలనే కలదు. గదిలోనికి పోయిన పిదప మాట ఆగి ఆ పనిని వేషము చేయుచున్నది. ఇంటనున్న ప్రతివారికిని ఒక్క చూపులోనే సంగతి తెలియును. ఎవరిని ఎవరును తూలనాడ నక్కఱలేదు. పిదప కృష్ణుడు వచ్చి పాదములపై వ్రాలెను. ఆమె ఎడమకాలితో ఆయన తల త్రోసెను. ఆ క్షణమున దేవదేవునకు కోపము రాలేదు. తన తల తాకి ఆమె పాదము నొచ్చెనేమోయని ఆయన విచారించెను.

ఈ పాదతాడనమును చదువునపుడెల్ల నాకు తిరుమల స్థలపురాణము మనసున మెదలును. త్రిమూర్తులలో సాత్త్వికుడెవరో పరీక్షింపవచ్చిన భృగుమహర్షి వైకుంఠమున విష్ణువు వక్షమును తన్నెను; ఆయన లేచి మునిపాదములు ఒత్తుచు, నొప్పి కలిగెనాయని యడిగెను. రెండు కథలలోను తన్నులు తిన్నవాడు ఒక్కడే, ప్రశ్నయు ఒక్కటే. అయితే భృగువు కథలో మఱియొకరు కలరు. తన నివాసమైన ఆ వక్షమును ఒకడు తన్నగా భర్త వానికి పాదసేవ చేయుట చూడజాలక లక్ష్మి అలిగి వైకుంఠమును విడిచి కరవీరపురమునకు పోయెను. ఆమెను వెదకుచు స్వామి భూలోకమునకు దిగెను. ఒకని క్షమ మఱియొకరి మనసును నొప్పించునన్న కఠినసత్యమును ఆ పౌరాణికులు దాచలేదు. తెలుగునేలపై అత్యంత ప్రసిద్ధమైన క్షేత్రముయొక్క కథ ఈవిధముగా ఒక ఇల్లాలి అలకనుండి మొదలగుచున్నది.

ఆ క్షేత్రముననే వైకుంఠ ఏకాదశి గడచిన ఆఱవనాడు ప్రణయకలహోత్సవము జరుగును. మలయప్పస్వామి ఒక పల్లకిలో, శ్రీదేవీ భూదేవులు వేఱొక పల్లకిలో ఎదురెదురుగా వచ్చి నిలుతురు. దేవేరులపక్షమువారు స్వామిపై పూలచెండ్లను విసరుదురు. విసరినపుడెల్ల స్వామి పల్లకి బెదరినట్లు వెనుకకు జరుగును. దేవేరులపక్షమున నమ్మాళ్వారు పాశురములు నిందాస్తుతిగా వినిపింతురు. స్వామిపక్షమున సమాధానము చెప్పుదురు. తుదకు అందఱును కలిసి హారతి నందుకొందురు. వేలజనము కన్నులార చూచుచుండగా సాగు ఈ వేడుకలో ఆయుధము పువ్వు, పోరునకు వేళ నిర్ణీతము, ముగింపు నిశ్చితము. పెండ్లియైన క్రొత్తలో దేవునిదర్శనమునకు వచ్చిన దంపతులు దీనిని చూచి నవ్వుకొని పోవుదురు. వారికి తెలియకుండగనే పాఠము చెవినబడుచున్నది. ఆ కొండమీదనే తాళ్లపాక అన్నమాచార్యులు (1408-1503) అలమేలుమంగ అలకలను, స్వామి బుజ్జగింపులను ఎన్ని సంకీర్తనములలో పాడెనో రాగిఱేకులు సాక్ష్యమిచ్చుచున్నవి.

భక్తుడు దేవునిపై అలుగుటయు ఈ వంశములోనిదే. భద్రాచలమున రామాలయమును కట్టించి, సర్కారుసొమ్మును వెచ్చించితివన్న అభియోగముపై గోలకొండ చెఱసాలలో నుండిన కంచెర్ల గోపన్న, ఏయే నగకు ఎంతెంత సొమ్మయినదో లెక్కచెప్పి రాముని నిలదీసెను. ఎవని సొమ్మని కులుకుచున్నావని దండించెను. వెంటనే ఆ కీర్తనలోనే, దెబ్బల కోర్వలేక తిట్టితిని గాని మఱియొకటి కాదని క్షమాపణము చెప్పుకొనెను. కోపము, దాని కారణము, దాని పశ్చాత్తాపము మూడును ఒక్క పాటలో ఇమిడియున్నవి. భజనగోష్ఠులలో ఆ పాటను అందుకొను గృహస్థులు తమతమ కష్టములను కూడ అందులో కలిపి పాడుకొనుట కలదు. గట్టిగా తిట్టుటకు హక్కును, తిట్టినదానికి మన్నింపును ఒకేచోట దొరకు తావులు లోకమున అరుదు.

రాజగృహములకు గది కలదు. రెండు అరలును ఒక వసారాయు గల పల్లెటింటికి గది ఎక్కడిది? అక్కడ వంటింటి మూల, పెరటి అరుగు, వసారాలోని నులకమంచము ఆ పని చేసినవి. కొంగు తలపై కప్పుకొని గోడవైపునకు తిరిగి పడుకొన్న ఇల్లాలిని చూచి పిల్లలు సైతము అడుగుల సవ్వడి తగ్గింతురు. ఆమె అన్నమునకు లేవకుండుట ఇంటికంతకును విజ్ఞప్తి. అపుడు అత్తగారో, తోడికోడలో, పొరుగింటి పెద్దముత్తైదువయో వచ్చి ప్రక్కన కూర్చుండి, మొదట సంగతి ఎత్తక ఏదో లోకాభిరామాయణము మొదలిడుట మర్యాద. మన స్త్రీల రామాయణపుపాటలలో సీతగడియ యని యొకటి కలదు. అందులో అలిగినవాడు రాముడే. సీత పడకటింటికి వచ్చుట ఆలస్యమైనదని ఆయన తలుపు గడియ వేసికొనెను. సీత వాకిట నిలిచి కేకలు వేయలేదు, కౌసల్యతో చెప్పుకొనెను. తల్లి వచ్చి కొడుకును మందలించి తలుపు తీయించెను. సంస్కృతరామాయణమున ఎక్కడను లేని ఈ ముచ్చటను తెలుగింటి ఆడువారు తమ అవసరమునకై కల్పించుకొనిరి. కొడుకు తప్పును కొడుకుతోనే చెప్పగల అత్తను వారు కోరుకొనిరి. నిజజీవితమున ఆమె దొరకినవారును గలరు, దొరకనివారును గలరు. దొరకనివారి కన్నీటిని ఏ కావ్యమును లెక్కింపలేదు. అలుగుట ఇంత చక్కగా ఏర్పఱచిన సమాజమున, అలిగినను పలుకరించు దిక్కులేని కోడండ్రు తరతరములుగా నుండిరన్నది మఱవరాని మాట.

పురుషుని కోపమునకు ఇంతటి శ్రద్ధ దొరకలేదు. అతని కోపమును పౌరుషమని మెచ్చుకొంటిమి. అది వీధిలోనికి వచ్చి కత్తి పట్టినచో వీరగాథ యనిపించుకొన్నది. పల్నాటిలో కోడిపందెముతో రగిలిన పగయు, 1757లో బొబ్బిలికోటను బూడిదచేసిన పగయు మనము పాడుకొను కథలే. అట్టి మగవానికి అల్లరి లేకుండ అలుగుటకు మన ఆచారము ఇచ్చిన ఒకే ఒక ఆసనము అలకపాన్పు.

పెండ్లి అయిదు దినములు సాగిన కాలమున, సదస్యమును నాగవల్లియు మొదలగు ఘట్టములతోపాటు అలకపాన్పును ఒక ముఖ్యమైన వేడుక. విడిదిలోనో, పెండ్లివారింటి మధ్యహాలులోనో పట్టెమంచముపై క్రొత్తపఱపు, దుప్పటి పఱచి, బాలీసులమర్చి పెండ్లికొడుకును పడుకొనబెట్టెడివారు. అతడు గోడవైపునకు తిరిగి, ఉత్తరీయము ముఖముపైకి లాగుకొని, పలుకక యుండవలెను. మొదట బావమఱది వచ్చి "లేవండి బావగారూ" అని చేయి పట్టి లాగును, అల్లుడు కదలడు. వదినెలును మఱదండ్రును చుట్టును జేరి పాటలతో ఎత్తిపొడుతురు. అతనికి నవ్వు వచ్చును, నవ్వినచో ఓడినట్లే గనుక పెదవి బిగబట్టును. తుదకు మామగారు తాంబూలపు పళ్లెరముతో, అందులో ఉంగరముతోనో పట్టుపంచెతోనో వచ్చి, "నాయనా, మా వలన లోపము జరిగినచో మన్నింపుము" అని పలుకును. అల్లుడు లేచి కూర్చుండును. ఆడువారు మంగళహారతి పాడుదురు.

అక్కడ నిజముగా కోపగించుకొన్నవారు ఎవరును లేరు. అదియే ఆ వేడుకయందలి మర్మమని నేననుకొందును. శారదాశాసనము 1929లో వెలువడి, మఱుసటియేడు అమలునకు వచ్చి, వరునకు 18, వధువునకు 14 ఏండ్లు నిండవలెనని నిర్ణయించువఱకు, అలకపాన్పుపై పడుకొన్నవాడు అనేకసందర్భములలో మీసము రాని బాలుడు. తల్లిచాటునుండి అప్పుడే వెలికివచ్చి, క్రొత్తబంధువులనడుమ బిత్తఱపోవుచున్న ఆ పిల్లవానికి, అలిగినచో నిన్ను పట్టించుకొందుమనియు, అలుకకు ఇది వేళ, ఇది హద్దు అనియు, పిలిచినపుడు లేవవలెననియు ఆ ఆట నేర్పుచుండెను. రెండు కుటుంబములకును నడుమ రేపు నిజముగా రాబోవు మనస్పర్ధలకు అది యొక అభ్యాసము. పెండ్లిబంతులలో వియ్యపురాండ్రపై పాడు ఎత్తిపొడుపుపాటలును ఈ కోవలోనివే: వధువుతల్లికి వరునితల్లిపై ఉన్న బెరుకును, కినుకను రాగముగా మార్చి బయటికి తోడివేయుటకు విస్తరులయెదుట ఒక గంటకాలము వారికి స్వేచ్ఛ యిచ్చిరి. ఆ పాటను మనసులో పెట్టుకొన్నవారిని లోకము తప్పుపట్టెడిది.

పిదప ఆ ఆట చెడినది. వరుని వయసు పెరిగినది, చదువు పెరిగినది, చదువునకు వెల కట్టుట పెరిగినది. ఉంగరమున్న పళ్లెరములోనికి చేతిగడియారము వచ్చెను, దాని వెనుక సైకిలు వచ్చెను, మఱికొంతకాలమునకు స్కూటరు తాళపుచెవి వచ్చెను. మామగారు నవ్వుచు చెప్పవలసిన మాటను వణకుచు చెప్పు దినములు వచ్చెను. ఇయ్యకున్న కూతురి పెండ్లి పీటలపై ఆగునేమోయని భయపడు తండ్రి యెదుట పాన్పుపై పరుండినవాడు బాలుడు కాడు, ఆటయాడుటయు లేదు. కైక చేసిన తప్పునే ఇతడును చేయుచున్నాడు: నొచ్చుకొనుటకు ఇచ్చిన చోటును కొల్లగొట్టుటకు వాడుకొనుచున్నాడు. వరకట్ననిషేధశాసనము 1961లో వచ్చినది. అడిగి పుచ్చుకొనుట నేరమైనది. కాని అలకపాన్పునందు అడుగువాడు నోరు తెఱవడు గదా, మౌనమే అడుగుచుండును. ఈ వేడుకను విడిచిపెట్టిన కుటుంబములను నేను తప్పుపట్టను. అయిదు దినముల పెండ్లి ఒక పూటకు దిగిన పిదప అది చాలచోట్ల తనంత తానే రాలిపోయినది.

అలకను నేర్చుకొను విద్య మాత్రము కృష్ణాతీరమున కూచిపూడి అగ్రహారమునందు మఱియొక రూపమున నిలిచినది. సిద్ధేంద్రయోగి భామాకలాపమును రచించి, ఆ యూరి బ్రాహ్మణకుటుంబములలో పుట్టిన ప్రతి మగవాడును జీవితమున ఒక్కసారియైనను సత్యభామవేషము కట్టవలెనని మాట తీసికొనెనని సంప్రదాయము. గోపన్నను చెఱబెట్టిన తానీషాయే వీరి ఆటను చూచి ఆ అగ్రహారమును దానమిచ్చెనని కూడ చెప్పుదురు. ఏడెనిమిదేండ్ల ప్రాయముననే కాలు కదుపుట నేర్చి, పదునెనిమిదేండ్లు వచ్చునప్పటికి తెఱవెనుకనుండి జడను తెఱపైకి విసరి, ఈ జడ నెత్తి తీయగలవారెవరని సవాలుచేయు ఆ యువకుడు, తాను ఏనాడును అనుభవింపనక్కఱలేని ఒక స్త్రీగర్వమును, స్త్రీయలుకను, స్త్రీపశ్చాత్తాపమును తన యొంటిపై ధరింపవలసియుండెను. ఎదుటివారి కోపము లోపలినుండి ఎట్లుండునో తెలిసికొనుటకు ఇంతకంటె మంచి పాఠశాలను నేను ఊహింపజాలను. 1935లో పుట్టి ఆ వేషమునకే పేరుగాంచిన వేదాంతం సత్యనారాయణశర్మగారు తెఱ తొలగించుకొని వచ్చినపుడు ఆయన పురుషుడని ప్రేక్షకులు మఱచిపోయెడివారు.

భామాకలాపమున పారిజాతము తగవు లేదు. ఎవరు అందగాండ్రన్న చిన్నమాటపై వాదము పెరిగి కృష్ణుడు వెడలిపోవును. తిమ్మన సత్య కోపగృహమున గెలువగా ఈ సత్య తన గెలుపువలననే ఒంటరిదై, కలహాంతరితయై, ఉత్తరము వ్రాసి చెలికత్తె మాధవిచేతికిచ్చి పంపజూచును. మాధవి సామాన్యురాలు కాదు. భర్తపేరేమో చెప్పుమనును, పేరు పలుకుటకు సిగ్గుపడు సత్యభామచేత సంకేతములతో చెప్పించును, పోయివచ్చినందుకు ఏమిత్తువనును, ఏది యిచ్చినను చాలదని, తుదకు ముక్కర కావలెననును. అష్టైశ్వర్యములను ఇయ్యజూపిన సత్యభామ ముక్కరయొద్ద వెనుకాడును, వేడుకొనును, కోపించును, మఱల దిగివచ్చును, ఇచ్చును. వెనుకటివారు రాత్రులు తెల్లవార్లు ఆడిన కాలమున ఈ సంభాషణము తీరికగా సాగి, ప్రేక్షకులు నవ్వుచునే ఆమె మెట్టుమెట్టుగా దిగుటను చూచెడివారు. నేటి సభలలో ఎక్కువగా కనబడునది ప్రవేశదరువు మాత్రమే. జడయు, గర్వమును, భామనే యన్న అభిమానమును చూపి తెఱ దించివేయుచున్నారు. ఆ యభిమానమునకు ముక్కరతో వెల చెల్లించిన ఘట్టము లేకుండ ఆమె కథ సగమే చెప్పినట్లు. కూచిపూడి పెద్దలు కలాపమును పూర్తిగా ఆడించు రాత్రులు ఏడాదికి కొన్నియైన ఉండవలెనని నేను మనసార కోరుచున్నాను. ముఖ్యముగా మాధవివేషమునకు మాటకారితనము గల నటుని ఎన్నుకొని, ఆ బేరమును తొందరపెట్టక నడిపింపవలెను.